గోలెంలో మొహం పెట్టి నేర్చుకున్న స్నార్కెలింగ్: జాలీబాయ్ దీవికి ఒక రోజు

నాకు ఈత రాదు. కళ్లజోడు ఉంది, పవర్ మైనస్ రెండు. శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను, అంటే పొద్దస్తమానం కూర్చునే పని. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, స్నార్కెలింగ్, అంటే మొహానికి అద్దం మాస్క్ పెట్టుకుని, నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ, నీటి మీద బోర్లా తేలి అడుగు చూడటం, అది అనగానే కండలు తిరిగిన కుర్రాళ్ల ఫొటోలే కనబడతాయి గనక. అండమాన్‌లో జాలీబాయ్ అనే చిన్న దీవి దగ్గర నేను రెండుసార్లు నీళ్లలోకి దిగాను. మొదటిసారి ఆరు నిమిషాల్లో బయటికి వచ్చేశాను. రెండోసారి గంటకి పైగా ఉన్నాను. ఈ మధ్యలో నేనేమీ ఈత నేర్చుకోలేదు. పెరట్లో సిమెంటు గోలెంలో మొహం పెట్టి, నోటితో ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాను, అంతే.

మొదటిసారి 2019 ఫిబ్రవరి. అక్కడ అద్దెకిచ్చిన మాస్క్ నా మొహానికి పెద్దది. ఎలాస్టిక్ ఎంత లాగి బిగించినా కణతల దగ్గర నుంచి నీళ్లు కారేవి. ముక్కులోకి ఉప్పునీళ్లు ఎక్కాయి. భయపడి నోరు తెరిచాను, గొట్టం జారిపోయింది, రెండు గుక్కలు మింగాను. మమ్మల్ని నీళ్లలో తిప్పడానికి తోడొచ్చిన కుర్రాడు నన్ను తేలే రింగ్‌తో ఒడ్డుకు లాగేశాడు. మిగతా రెండు గంటలు ఇసుకలో కూర్చుని మా ఆయన చెప్పులకు కాపలా కాశాను. పక్కనే మా చిన్నమావ ఒకటే నవ్వు. "ఏటే అమ్మీ, సంద్రం కాడోలి మనవరాలివి, ఉప్పునీళ్లకి బయపడతావేటి?" అంటాడు.

మా అమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున ఉన్న భావనపాడు. చిన్నమావ కుర్రతనంలోనే ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోయి అక్కడే చేపల వేటలో స్థిరపడ్డాడు. మన వైపు నుంచి అలా వెళ్లినవాళ్లు చాలామంది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్, నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు దాదాపు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ బజారులో నిలబడితే టెక్కలి సంతలో ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి భాష గురించి టెన్షన్ పడకండి.

మన సముద్రంలోనే ఎందుకు చూడకూడదని మా అబ్బాయి అడిగాడు. చూడటానికి నీళ్లు తేటగా ఉండాలి కదా. వంశధార, నాగావళి తెచ్చే మట్టి, ఒడ్డున విరిగే కెరటాల సుడి, అడుగున కదిలే ఇసుక, వీటి మధ్య మన తీరంలో మొహం ముంచితే చెయ్యి కనబడటమే గొప్ప. అక్కడ పగడపు దిబ్బలే కెరటాన్ని బయట ఆపేస్తాయి, లోపల నీరు చెరువులా ఉంటుంది. పెద్ద నదుల మట్టీ అక్కడ లేదు.

ఏ దీవి, ఏ నెల

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. టికెట్లలో ఏ పేరు కనబడినా కంగారు పడకండి, ఊరు ఒకటే. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ అది బస్సు లాంటిది కాదు. ఎప్పుడో ఒకసారి వస్తుంది, తేదీ మారుతుంది, రెండు రాత్రులకి పైగా సముద్రం మీదే. సెలవులు లెక్కపెట్టుకుని వెళ్లేవాళ్లు విమానమే చూసుకోండి. మొదటిసారి అమ్మ కోసం ఓడలో వెళ్లాం. అమ్మకి బాగుంది, మా ఆయన మాత్రం రెండు రోజులు పడక దిగలేదు.

ఊరి నుంచి ఒక్క రోజులో వెళ్లి వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. నార్త్ బే బాగా దగ్గర. పాత ఇరవై రూపాయల నోటు, ఆ ఎర్రటిది, దాని వెనక కొబ్బరి చెట్ల మధ్య నుంచి కనబడే లైట్‌హౌస్ అక్కడిదే. కానీ జనం ఎక్కువ, స్కూటర్ పడవల మోత ఎక్కువ. స్వరాజ్ ద్వీప్, అంటే పాత హేవ్‌లాక్, అక్కడి ఎలిఫెంట్ బీచ్ బాగుంటుందంటారు గానీ దానికి ఒక రాత్రి అక్కడే ఉండాలి. నా ఓటు జాలీబాయ్‌కే. ఆ దీవి మీద దుకాణం లేదు, హోటల్ లేదు, రాత్రి ఉండనివ్వరు. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లో అదొక ముక్క. ఏడాదిలో కొన్ని నెలలు జాలీబాయ్ తెరిచి, వానాకాలంలో దాన్ని మూసి రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు, పగడాలకి కాస్త విశ్రాంతి దొరకాలని. పార్కుకి సోమవారం సెలవు. అటవీ శాఖ పర్మిట్ కావాలి, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. పర్మిట్ పని ముందు రోజే ముగించుకోండి, పొద్దున్నే క్యూలో నిలబడి పడవ తప్పిపోయినవాళ్లని చూశాను.

నెల విషయానికొస్తే జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో మంచిది. మే సగం దాటితే అక్కడ వానలు మొదలైపోతాయి. నాకు సంక్రాంతి బట్టల రద్దీ ముగిసి ఊపిరి పీల్చుకునేసరికి ఫిబ్రవరి వచ్చేస్తుంది. రెండోసారి 2023 మార్చి మొదట్లో వెళ్లాం, నీళ్లు గాజులా ఉన్నాయి.

తేదీ ఖాయం చేసుకునే ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి. ఇది చిన్నమావ నేర్పాడు. పాటులో, అంటే నీరు తగ్గినప్పుడు, పగడాల మీద మోకాలి లోతే మిగులుతుంది. కాలు కొడితే పగడం విరుగుతుంది, మన చర్మమూ చీరుకుంటుంది. పోటు వచ్చే వేళ బయటి సముద్రం నుంచి తేట నీరు లోపలికి వస్తుంది, లోతూ పెరుగుతుంది. పడవలు పొద్దున వెళ్లి మధ్యాహ్నం వచ్చేస్తాయి, వేళ మన చేతిలో లేదు. అందుకని పోటు పదీ పన్నెండు మధ్య పడే రోజుని ఎంచుకోవాలి. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకే నాలుగైదు రోజులు అక్కడ ఉన్నా మంచి రోజు దొరుకుతుందన్న హామీ లేదు, పట్టిక చూసుకునే తేదీలు పెట్టుకోవాలి.

గోలెం

వెళ్లే ముందు నెల రోజులు చెయ్యాల్సిన పని ఇదొక్కటే. మాస్క్, గొట్టం సొంతంగా కొనుక్కోండి. లైఫ్ జాకెట్, రింగ్ అక్కడ దొరుకుతాయి, కానీ మీ మొహం కొలతకి సరిపోయే మాస్క్ అక్కడ ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. మొహమే కదా అని తేలిగ్గా తీసుకోకండి, రవిక కొలత ఎలా ఒకరిది ఇంకొకరికి సరిపోదో ఇదీ అంతే.

కొలత చూడటం సులువు. ఎలాస్టిక్ తలకి తగిలించకుండా, మాస్క్‌ని మొహానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి లోపలికి లాగి చెయ్యి వదిలెయ్యండి. తల కిందికి వంచినా మాస్క్ అతుక్కుని ఉంటే అది మీదే. జారిపోతే ఎంత ఖరీదైనదైనా వదిలెయ్యండి. నేను ఐదు పెట్టి చూశాను, నాలుగోది నిలిచింది. ఆ తర్వాత ఎలాస్టిక్‌ని వదులుగానే ఉంచాలి. జనం ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశాను. ఎలాస్టిక్‌ని లాగి కుడితే నడుం దగ్గర బట్ట ముడతలు పడుతుంది కదా, మాస్క్ సిలికాన్ అంచు కూడా అలాగే ముడత పడుతుంది. ఆ ముడత సందులోంచే నీళ్లు వస్తాయి. కారుతోందని ఇంకా బిగిస్తాం, ఇంకా కారుతుంది.

అంచు కింద వెంట్రుక ఒక్కటి ఇరుక్కున్నా నీరు దారి చేసుకుంటుంది. ఆడవాళ్లు జుట్టు వెనక్కి దువ్వి గట్టిగా జడ వేసుకోవాలి, నుదుటి మీది చిన్న వెంట్రుకలకి నలుపు గుడ్డ పట్టీ కట్టుకోవాలి. ముక్కుపుడక ఎత్తుగా ఉంటే ముందు రోజే తీసేయండి. బొట్టుబిళ్ల కూడా. మీసం మాట ఎత్తితే మా ఇంట్లో పెద్ద గొడవే అయ్యింది. మా ఆయనది పెళ్లి నాటి నుంచి ఉన్న మీసం. మొత్తం తియ్యక్కర్లేదు. ముక్కు రంధ్రాల కింద, మీసం పై అంచున అర సెంటీమీటరు గీత గొరిగితే చాలు, సిలికాన్ అక్కడ చర్మానికి ఆనుతుంది. వారం పాటు నాతో మాట్లాడలేదు గానీ గొరిగించుకున్నాడు.

కళ్లజోడు మీద మాస్క్ పెట్టలేం, కాడలు అంచు కిందకి వస్తాయి. మైనస్ పవర్ అద్దాలు బిగించిన మాస్క్‌లు అమ్ముతారు, అర పవర్ తేడాతో. నేను అదే తీసుకున్నాను. తక్కువ పవర్ వాళ్లకి మామూలు మాస్క్‌తోనూ పని జరిగిపోవచ్చు, ఎందుకంటే నీళ్లలో అద్దం గుండా చూసినప్పుడు వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనబడతాయి. ఇప్పటికీ మా ఆయన తను చూసిన చేప మూరెడు ఉందంటాడు. అందులో నాలుగో వంతు కొట్టేసి వినాలి. మొహమంతా కప్పేసే గిన్నె లాంటి మాస్క్‌లు ఈ మధ్య వస్తున్నాయి. చూడ్డానికి సుఖంగా ఉంటాయి గానీ వదిలిన గాలి లోపలే తిరుగుతుందని వాటి మీద అనుమానాలున్నాయి, భయమేస్తే ఠక్కున తియ్యలేం కూడా. నేనైతే వద్దంటాను.

కొత్త మాస్క్ అద్దం మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది. దాన్ని ఇంట్లోనే టూత్‌పేస్ట్‌తో వేలితో రుద్ది రెండు మూడుసార్లు కడగాలి. లేకపోతే అక్కడ అద్దమంతా మంచు పట్టేస్తుంది. దీవి దగ్గర నీళ్లలోకి దిగే ముందు లోపలి వైపు ఉమ్మి రాసి సముద్రపు నీళ్లతో ఒక్కసారి తొలిపితే చాలు. మా అత్తగారు ఛీ అన్నారు. పది నిమిషాలయ్యాక అద్దం మసకేసింది, ఆవిడే తిరిగి నా దగ్గరికి వచ్చారు.

ఇక గోలెం. మాది పశువుల కోసం కట్టిన పాత సిమెంటు గోలెం, నడుం ఎత్తు ఉంటుంది. మొదటి రోజు మాస్క్ పెట్టుకుని, గొట్టం పళ్ల మధ్య పెట్టి, పెదవులు దాని చుట్టూ మూసి, నీళ్లు లేకుండా మంచం మీద కూర్చుని ఐదు నిమిషాలు ఊపిరి తీశాను. నవ్వొస్తుంది, నవ్వితే పెదవులు తెరుచుకుంటాయి, అది కూడా తెలియాల్సిన పాఠమే. రెండో రోజు గోలెం అంచు పట్టుకుని మొహం ముంచాను. అక్కడ అసలు సంగతి తెలిసింది. నీళ్లు మొహానికి తగలగానే గుండె దడదడలాడి, ఊపిరి పొట్టిగా, వేగంగా వస్తుంది. గొట్టంలో అలాంటి ఊపిరి పనికిరాదు. గొట్టం నిండా మనం వదిలిన గాలే ఉంటుంది, పొట్టి ఊపిరి తీస్తే అదే మళ్లీ లోపలికి వస్తుంది. అది చాలక ఇంకా వేగంగా పీలుస్తాం. ఆయాసం. 2019లో నాకు జరిగింది ఇదేనని గోలెం దగ్గర అర్థమైంది. మందు ఒక్కటే, వదిలేటప్పుడు తొందరపడకుండా పూర్తిగా వదలడం. నేను మనసులో కుట్టు లెక్కపెట్టుకునేదాన్ని: పీల్చేటప్పుడు నాలుగు కుట్లు, వదిలేటప్పుడు ఆరు. నాలుగో రోజుకి పది నిమిషాలు ఉండగలిగాను. గొట్టం పొడవుగా ఉంటే మంచిదనుకుని ఇంకో ముక్క అతికించే ప్రయత్నం చెయ్యకండి. అవి 40 సెంటీమీటర్ల లోపు ఎందుకుంటాయో దీన్ని బట్టే తెలుస్తుంది.

తర్వాత, గొట్టంలోకి నీళ్లు వస్తే ఏం చెయ్యాలి. కావాలనే ఒక చెంబుతో గొట్టంలో నీళ్లు పొయ్యమని మా అబ్బాయికి చెప్పాను. వాడికి అంతకన్నా పండగ ఏముంది. ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు ఒక్కసారి గట్టిగా "ఫూ" అని ఊదితే నీళ్లు పైకి చిమ్ముకుపోతాయి. కట్టెల పొయ్యి ఊదిన అలవాటున్న మా అమ్మకి మొదటిసారే వచ్చేసింది, నాకు వారం పట్టింది. ఆ తర్వాత పీల్చేది మాత్రం నెమ్మదిగా, మిగిలిన చుక్కలు గొంతులోకి రాకుండా. మాస్క్‌లోకి నీళ్లు వస్తే పై అంచుని నుదుటికి వేళ్లతో నొక్కి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో ఊదాలి, నీళ్లు కింది అంచు నుంచి పోతాయి. తల తీయకుండా ఈ రెండూ ఐదేసి సార్లు వరసగా చెయ్యగలిగితే మీరు తయారైనట్టే. పక్కన ఎవరో ఒకరు లేకుండా గోలెం దగ్గర చెయ్యకండి, పిల్లల్ని అసలే వదలకండి.

బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు టికెట్ కొనక ముందే డాక్టర్ని అడగండి. నీళ్లలో తేలడం చూడ్డానికి పనిలా ఉండదు, కానీ గుండెకి పనే.

బట్టల సంగతి, ఇది నా సబ్జెక్టు

చీర, చుడీదార్, జీన్స్, ఏదీ వద్దు. కాటన్ తన బరువు కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. చున్నీ అయితే ప్రాణాంతకం, పడవ మెట్టుకి చుట్టుకుంటుంది. అలాగని ఫొటోల్లో చూసే దుస్తులు వేసుకోవాలన్న రూల్ ఎక్కడా లేదు. నైలాన్, లైక్రా కలిసిన సాగే బట్ట తీసుకుని, మెడ దాకా మూసిన పొడుగు చేతుల టాప్, మడమ దాకా లెగ్గింగ్ కుట్టుకున్నాను. మా అత్తగారికి దాని మీద తుంటి కిందకి వచ్చే చిన్న ఫ్రాక్ కూడా కుట్టాను, ఆవిడకి నిశ్చింత. కుట్టించుకునేవాళ్లు మీ టైలర్‌కి రెండు మాటలు చెప్పండి: మొన గుండ్రంగా ఉండే సూది, జిగ్‌జాగ్ కుట్టు. తిన్నటి కుట్టు వేస్తే సాగినప్పుడు పుటుక్కున తెగుతుంది, అది తెగే చోటు ఎప్పుడూ ఇబ్బందికరమైన చోటే.

ఒళ్లు కప్పుకుంటే ఎండకి క్రీములు పూసుకునే పనీ తగ్గుతుంది. కొన్ని సన్‌స్క్రీన్‌లలో ఉండే ఆక్సీబెంజోన్ పగడాలకి చెరుపని హవాయిలో వాటి అమ్మకమే ఆపేశారు. పడుకుని తేలేటప్పుడు మాడేది మెడ వెనక, మోకాళ్ల వెనక. మా ఆయన నిక్కరు వేసుకుని దిగాడు, మూడు రోజులు కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు.

కాళ్లకి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు. ఇసుకలో నడిచేవరకే. ఈత రానివాళ్లు కాళ్లకి ఫిన్స్, అంటే బాతు పాదాల్లాంటి ఆ రబ్బరు రెక్కలు, తగిలించుకోవద్దు, వెనక ఏం తంతున్నామో మనకి తెలియదు.

ఆ రోజు

అండమాన్‌లో మనకంటే అరగంటకి పైగా ముందే తెల్లారుతుంది, సాయంత్రం అయిదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. అయిదింటికి లేవడం అక్కడ కష్టం కాదు. టిఫిన్ తేలిగ్గా ఉండాలి. మేం రెండు ఇడ్లీలు తిని, చిన్నత్త చేసిన చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరాం. పూరీలు తిన్నవాళ్ల సంగతి పడవలో చూశాం. పడవ పడనివాళ్లు వాంతి మాత్ర ముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. మధ్యలో కూర్చుని, ఫోన్ చూడకుండా, దూరపు గట్టు వైపు చూస్తూ ఉంటే చాలావరకు తగ్గుతుంది.

ఊరి నుంచి వండూర్ జెట్టీకి పాతిక, ముప్ఫై కిలోమీటర్లు. బస్సులున్నాయి, నలుగురుంటే ఆటోయో కారో మాట్లాడుకోవడం మేలు. వండూర్ బీచ్ దగ్గర మొసళ్ల హెచ్చరిక బోర్డులు ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, ఉప్పునీటి మొసళ్లు అక్కడి మడ అడవుల్లో నిజంగా ఉన్నాయి. ఎక్కడ దిగమన్నారో అక్కడే దిగండి.

జెట్టీ దగ్గర బ్యాగులు తెరిచి చూస్తారు. ప్లాస్టిక్ దీవికి వెళ్లనివ్వరు. చిప్స్ పాకెట్లు, బిస్కెట్ పాకెట్లు పట్టుకొచ్చినవాళ్లు అక్కడే కూర్చుని తినేస్తుంటారు. మనవాళ్లకి ఇది అసలు సమస్యే కాదు. స్టీలు క్యారేజీలో పులిహోర, చెంబు మూత ఉన్న స్టీలు సీసాల్లో నీళ్లు, ఇంటి నుంచి తెచ్చిన అరిసెలు గుడ్డ సంచిలో. సీతంపేట సంతలో కొన్న అడ్డాకులు ఒక కట్ట పెట్టెలో వేసుకెళ్లాను, వాటిలోనే వడ్డించాను. పక్కన కోల్‌కతా నుంచి వచ్చిన కుటుంబం ఆకుల్ని తిరగేసి చూసి, ఈనుపుల్లలతో ఎలా గుచ్చారని అడిగారు. తిన్న ఆకులు కూడా సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేశాం. చేపలకి మెతుకులు వెయ్యకండి, మూగుతాయి నిజమే, కానీ అవి నాచు తిని పగడాన్ని శుభ్రంగా ఉంచాల్సిన చేపలు.

వండూర్‌లోనే బాత్రూమ్ పని ముగించుకోండి. మడ అడవుల మధ్య దారిలో పడవ ప్రయాణం సుమారు గంట. జాలీబాయ్‌కి జెట్టీ లేదు, పెద్ద పడవ కొంచెం దూరంలో ఆగుతుంది, అడుగున గాజు ఉన్న చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. అందులో వంగి చూసినప్పుడే కింద ఏముందో మొదటి దర్శనం.

నీళ్లలో

లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి వస్తే అది పెద్దది. నాది వచ్చింది. చిన్నది అడిగితే లేదన్నారు. కింద రెండు పట్టీలని వెనక నుంచి తొడల మధ్యగా తెచ్చి ముందు ముడేశాను. ఇలాంటప్పుడు ఒక గజం నాడా జేబులో ఉంటే లక్ష రూపాయలతో సమానం.

నడుం లోతు ఇసుక మీద నిలబడి, మొదట మొహం మాత్రమే ముంచండి. ఇరవై ఊపిరులు. గోలెంలో చేసిందే. నీళ్లు వెచ్చగా ఉంటాయి, సుమారు 28 డిగ్రీలు, చలి భయం లేదు. ఉప్పునీళ్లు, పైగా లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి ఒళ్లు దానంతటదే తేలుతుంది. ఆ ఊపిరి కుదురుకున్నాకే కాళ్లు వదలండి. తోడు వచ్చే కుర్రాడికి ముందే చెప్పండి: నెమ్మదిగా లాగమని, మధ్యలో ఆగమని. వాళ్లకి ఇంకా పదిమందిని తిప్పాలన్న తొందర ఉంటుంది. నేను సైగలు మాట్లాడుకున్నాను, బొటనవేలు పైకెత్తితే ఒడ్డుకి, అరచెయ్యి చూపితే ఆగు. అలా చెప్పాక బాగానే చూసుకున్నాడు.

ఫొటోల్లో చూసే ఎరుపు, గులాబీ రంగుల తోట కనబడుతుందనుకుని వెళ్లకండి. బతికున్న పగడం ఎక్కువగా గోధుమరంగు, తేనెరంగు, ఆకుపచ్చ. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు రంగు అది. నీరు బాగా వేడెక్కితే ఆ నాచు బయటికి పోయి పగడం తెల్లబడుతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016లో అలా జరిగింది. చిన్నమావ 2010 ఎండలు గుర్తు చేసుకుంటూ, అడుగంతా సున్నం కొట్టినట్టు అయిపోయిందంటాడు. ఇప్పటికీ కొన్ని చోట్ల విరిగిన కొమ్ముల కుప్పలు కనబడతాయి, వాటి పక్కనే కొత్తవి లేస్తున్నాయి.

నేను చూసినవాటిలో ఒక్కటి చెబుతాను. కల్లుముంత బోర్లించినంత గుండ్రటి పగడం ఒకటి, దాని మీద నీలం, ఆకుపచ్చ కలిసిన చిలక చేప. మన భావనపాడు గట్టున చందువ, కోనాం, కానాగంతలు ఎన్నో చూశాను, కానీ అన్నీ గంపలో పడుకున్నవే. ఇది ఎదురుగా తల కిందులుగా నిలబడి పగడాన్ని కొరుకుతోంది. నీళ్లలో ఆ చప్పుడు వినబడింది, ఎండు మురుకు నమిలినట్టు కరకర. నోటి దగ్గర నుంచి సన్నటి పొడి లేచింది. కాసేపు ఈదాక వెనక నుంచి తెల్లటి ఇసుక ధారగా వదిలింది. మేం ఒడ్డున కూర్చున్న తెల్ల ఇసుకలో చాలా భాగం ఇలా తయారైందేనట. మా అత్తగారికి ఈ మాట చెప్పాను. ఆవిడ లేచి నిలబడి బట్టలు దులుపుకున్నారు.

అలాంటి గుండ్రటి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. మోకాలంత ఎత్తు ఉన్నదంటే మన అమ్మ వయసుదన్న మాట. చెయ్యి ఆనించకండి, దాని మీద నిలబడకండి. అలిసిపోతే వెల్లకిలా తిరిగి జాకెట్ మీద తేలండి. తేలినీలాపురంలో పక్షుల్ని ఎలా చూస్తాం, దూరం నుంచి, అరవకుండా, చెయ్యి చాపకుండా. ఇక్కడా అలాగే కదలకుండా ఉంటే చేపలే దగ్గరికి వస్తాయి. పొడవాటి నల్ల ముళ్ల బంతులు కనబడితే దూరం జరగండి, ఆ ముల్లు లోపలే విరుగుతుంది. నీలం పెదవులు తెరుచుకుని కూర్చున్న పెద్ద గుల్లలు, నల్ల దోసకాయల్లా పడుకున్న జీవులు ఉంటాయి, వాటినీ తాకొద్దు. చచ్చిన పగడం ముక్క అయినా, అందమైన గుల్ల అయినా సంచిలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద పగడం తీసుకెళ్లడం నేరం, ఎయిర్‌పోర్టులో పెట్టెలు వెతుకుతారు. మా అబ్బాయి జేబులోంచి రెండు ముక్కలు తీసి నీళ్లలో పడేయించాను.

ఎంతసేపు ఉండాలన్న దానికి నా లెక్క: పెదవులు తిమ్మిరెక్కినా, పిక్క పట్టేసినట్టు అనిపించినా, అద్దంలో నీళ్లు వరసగా మూడుసార్లు వచ్చినా ఒడ్డుకి రావడమే. పది నిమిషాలు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ దిగొచ్చు. ఓపిక సగం ఉండగానే వెనక్కి తిరగాలి, ఎందుకంటే వచ్చేటప్పుడు నీటి లాగుడు ఎటు ఉంటుందో తెలియదు. ఒంటరిగా మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు.

తిరిగొచ్చాక

ఆ రాత్రే మాస్క్‌ని, గొట్టాన్ని, బట్టల్ని మంచినీళ్లలో నానబెట్టండి. ఉప్పు ఎండిపోతే లైక్రా సాగుడు పోతుంది, కుట్టు దగ్గర గరగరలాడుతుంది. ఎండలో ఆరేయకండి, నీడలో. మాస్క్‌ని అద్దం కిందకి పెట్టి ఏ డబ్బాలోనైనా వదులుగా ఉంచాలి, బరువు పెడితే సిలికాన్ వంగిపోయి ఇక మీ మొహానికి కుదరదు. చెవిలో నీళ్లుంటే తల పక్కకి వంచి దూకండి చాలు, పుల్లలు పెట్టకండి.

మా ఆడపడుచు కూతురు వచ్చే నెల వెళుతోంది, నా మాస్క్ పట్టుకెళ్లింది. దాని మొహం నా మొహం కంటే సన్నం, అందుకే ముందు ఎలాస్టిక్ లేకుండా ఆనించి చూడమన్నాను, నిలిచింది. వాళ్లింట్లో గోలెం లేదు, నీలం డ్రమ్ముంది. తల మొత్తం లోపలికి దూర్చకుండా అంచు దాకా నింపుకోమని, పక్కన వాళ్ల అమ్మని కూర్చోబెట్టుకోమని చెప్పి పంపాను.